షుగర్ మిషన్ కొన్నాక టెన్షన్ ఎందుకు పెరుగుతుంది?

కొత్తగా షుగర్ ఉందని తేలిన మనిషి చాలాసార్లు ఇంటికి చేరేలోపే మందుల షాపులో ఆగి షుగర్ మిషన్ కొంటాడు. కోఠీలో కొన్నా, కూకట్‌పల్లిలో కొన్నా మనసులో లెక్క ఒకటే. రోజూ చూసుకుంటూ ఉంటే అదుపులో ఉంటుంది, అదుపులో ఉందని తెలిస్తే మనసు కుదుటపడుతుంది. వినడానికి ఇందులో తప్పేమీ లేదు. ఉత్తర ఐర్లాండ్‌లో దీన్ని నిజంగానే పరీక్షించి చూశారు. కొత్తగా టైప్ 2 మధుమేహం బయటపడిన 184 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఇంట్లో రక్తం చూసుకునే మిషన్ ఇచ్చారు, రెండో గుంపుకు ఇవ్వలేదు. మిగతా వైద్యం, సలహాలు అందరికీ ఒకేలా అందాయి. ఏడాది గమనించి 2008లో ఫలితాలు ప్రకటించారు. మూడు నెలల సగటు షుగర్‌లో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ మిషన్ ఉన్నవాళ్లకు కుంగుబాటును కొలిచే ప్రశ్నావళిలో స్కోరు 6 శాతం ఎక్కువ వచ్చింది.

ఎందుకలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. పొద్దున్నే వేలు గుచ్చుకుంటే 186 అని వస్తుంది. ఇప్పుడేం చేయాలి? మాత్ర డోసు సొంతంగా పెంచుకోకూడదు. రాత్రి తిన్న అన్నాన్ని వెనక్కి తీసుకోలేం. మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లేది నెలన్నర తర్వాత. చేయగలిగింది ఏమీ లేకపోతే ఆ అంకె రోజంతా మనసులో తిరుగుతూనే ఉంటుంది. మర్నాడు 172 వస్తుంది, ఎందుకు తగ్గిందో తెలియదు. ఆ పై రోజు 194, ఎందుకు పెరిగిందో అదీ తెలియదు. అలా పది రోజులు గడిచేసరికి ‘నేనేం చేసినా ఇది నా మాట వినదు’ అనే నమ్మకం స్థిరపడుతుంది. అదుపు కోసం కొన్న వస్తువే అదుపు లేదని రోజూ గుర్తుచేస్తుంది. (ఇన్సులిన్ తీసుకునేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఆ అంకెను బట్టి డోసు ఉంటుంది కాబట్టి చూసుకోవాల్సిందే. ఇది చదివి మిషన్ అటక మీద పడేయకండి.)

కరోనా రోజుల్లో పల్స్ ఆక్సీమీటర్‌ను గుర్తు తెచ్చుకుంటే తేడా ఇంకా స్పష్టమవుతుంది. దాని అంకెతో పాటు ఒక ఆదేశం కూడా వచ్చేది. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి వెళ్లాలి, తగ్గకపోతే ఇంట్లోనే ఉండి నీళ్లు తాగుతూ విశ్రాంతి తీసుకోవాలి. ఇంట్లో ఉన్న లక్షల మందికి అది ధైర్యాన్నిచ్చింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆ ధైర్యం ఎలా చెదిరిందో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. 90 చూపిస్తున్నా బెడ్డు దొరకనప్పుడు అదే పరికరం నరకం చూపించింది. పరికరం మారలేదు. అంకె వెనక మనం చేయగలిగిన పని మాయమైంది.

ఆరోగ్యం మీద అదుపు ఉందనుకోవడానికీ మనశ్శాంతికీ ఉన్న సంబంధం గురించి రాసే చాలా వ్యాసాలు ‘మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే’ అనే నినాదంతో మొదలై అక్కడే ఆగిపోతాయి. పరిశోధనలు చెప్పేది ఇంత సాఫీగా లేదు.

అమెరికన్ మనస్తత్వవేత్త జూలియన్ రోటర్ 1966లో ఒక విభజన ప్రతిపాదించాడు. జీవితంలో జరిగే వాటికి కారణం తామేనని కొందరు నమ్ముతారు, బయటి శక్తులని మరికొందరు నమ్ముతారు. తర్వాత కెన్నెత్ వాల్‌స్టన్, బార్బరా వాల్‌స్టన్ దీన్ని ఆరోగ్యానికి అన్వయించి, 1978 నాటికి 18 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. అందులో మూడు కొలతలు ఉన్నాయి. నా ఆరోగ్యం నా చేతుల్లో ఉంది అన్నది ఒకటి, డాక్టర్ల వంటి సమర్థుల చేతుల్లో ఉంది అన్నది రెండోది, అదృష్టం చేతుల్లో ఉంది అన్నది మూడోది. నిమ్స్‌లోనో గాంధీలోనో ఓపీ ముందు అరగంట కూర్చుంటే ఈ మూడూ వినిపిస్తాయి. ‘నేను వాకింగ్ ఒక్క రోజు కూడా మానను’, ‘అంతా డాక్టరు గారి దయ’, ‘మన చేతిలో ఏముందండీ, ఎలా రాసి ఉంటే అలా’.

ఈ మూడింటిలో మొదటిది మంచిది, మిగతా రెండూ వెనకబాటుతనం అన్న అభిప్రాయం చాలామంది చదువుకున్నవాళ్లలో ఉంది. అది తొందరపాటు. వాల్‌స్టన్ల కొలతల్లోనే ఇవి ఒకదానికొకటి వ్యతిరేకం కావు. ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గాలని లేదు, ఒకే మనిషికి మూడింటిలోనూ ఎక్కువ మార్కులు రావచ్చు. మన ఊళ్లో ఇది వింతేమీ కాదు. పొద్దున కేబీఆర్ పార్కు చుట్టూ నడిచి, వేళకు షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వేసుకుని, శనివారం చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసే మనిషికి ఆ మూడు పనుల మధ్య ఏ గొడవా కనిపించదు. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం బారులు తీరేవాళ్ల జేబుల్లో ఇన్‌హేలర్లు కూడా ఉండొచ్చు. ఆ మందు ఆస్తమా మీద పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికి నా దగ్గర ‘అవును’ అనే జవాబు లేదు. కానీ దేవుడి మీద భారం వేసినంత మాత్రాన మనిషి చేతులు ముడుచుకుని కూర్చుంటాడని అనుకోవడం మన జీవితాన్ని చూడకుండా చేసే ఆలోచన. అమెరికాలోనూ ఈ సంగతి పట్టుబడింది. 1999లో వాల్‌స్టన్, సహ పరిశోధకులు దేవుడి కోసం విడిగా ఒక కొలత చేర్చాల్సి వచ్చింది.

డాక్టర్ మీద నమ్మకం కూడా అలాంటిదే. షెల్లీ టేలర్ బృందం 1984లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీల మీద చేసిన అధ్యయనంలో, జబ్బును తాము అదుపు చేయగలమని నమ్మినవాళ్లే కాదు, డాక్టరో చికిత్సో అదుపు చేయగలదని నమ్మినవాళ్లు కూడా మానసికంగా మెరుగ్గా తట్టుకున్నారని తేలింది. ఎవరో ఒకరి చేతిలో స్టీరింగ్ ఉందన్న నమ్మకం ఉంటే చాలావరకు సరిపోతుంది. ఎవరి చేతిలోనూ లేదనిపించినప్పుడే మనసు చితికిపోతుంది.

ఆ చితికిపోవడం మెదడులో ఎలా మొదలవుతుందన్న కథలో ఒక మలుపు ఉంది, అది నాకు చాలా ఇష్టం. 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు (ఈ రోజుల్లో అనుమతి దొరకడం కష్టం). రెండు గుంపుల కుక్కలకు అచ్చంగా అంతే విద్యుత్ షాకులు ఇచ్చారు. ఒక గుంపులోని కుక్క తలతో పలకను నొక్కితే షాకు ఆగేది. రెండో గుంపులోని కుక్క ఏం చేసినా దాని వల్ల ఆగేది కాదు, మొదటి కుక్క ఆపినప్పుడే దీనికీ ఆగేది. తర్వాత రెండు గుంపులనూ, చిన్న అడ్డం దూకితే షాకు తప్పించుకోగలిగే పెట్టెలో పెట్టారు. మొదటి గుంపు కుక్కలు త్వరగా నేర్చుకుని దూకాయి. రెండో గుంపులో ఎక్కువ భాగం అక్కడే పడుకుని షాకులు భరించాయి. పడిన బాధ ఇద్దరికీ సమానమే, ఆపగలిగే వీలు మాత్రం ఒకరికే ఉంది. ‘ఏం చేసినా లాభం లేదని ఆ కుక్కలు నేర్చుకున్నాయి’ అని అప్పట్లో వివరించారు, దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో అదే చెప్పారు.

ఆ తర్వాత మెదడు లోపలికి చూసే పద్ధతులు వచ్చాయి. దాదాపు యాభై ఏళ్లకు, 2016లో, అదే మేయర్, సెలిగ్మన్ తమ వివరణ తలకిందులుగా ఉందని రాశారు. నిస్సహాయతను ఎవరూ నేర్చుకోనక్కర్లేదట. కష్టం ఎడతెగకుండా సాగితే ముడుచుకుపోవడం మెదడు సహజ స్పందన. మెదడు కాండంలో సెరటోనిన్ తయారుచేసే ఒక చిన్న కేంద్రం ఆ పని చేయిస్తుంది. నేర్చుకోవాల్సింది అదుపును. ‘నేను ఈ పని చేస్తే ఆ బాధ ఆగుతోంది’ అని నుదుటి వెనక ఉండే మెదడు భాగం పసిగట్టినప్పుడు, అది ఆ కింది కేంద్రాన్ని శాంతపరుస్తుంది. ఒకసారి అలా నేర్చుకున్న జంతువు తర్వాత తన చేతిలో లేని కష్టం వచ్చినా అంత తేలిగ్గా కుంగిపోదు.

జంతువుల మీద తేలినదాన్ని మనుషులకు ఎంతవరకు అతికించవచ్చన్న జాగ్రత్త అవసరమే. అయినా దీని నుంచి తెలిసే సంగతి చిన్నది కాదు. అదుపు భావన మాటలతో రాదు, అనుభవంతో వస్తుంది. కుంగిపోయిన మనిషికి ‘ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు’ అని ఎంత చెప్పినా పనిచేయకపోవడానికి ఇదో కారణం కావచ్చు. ఒక పని చేసి, దాని ఫలితం కళ్లతో చూడాలి. ఆ పని ఎంత చిన్నదైనా పర్వాలేదు.

ఇంకో తమాషా ఏమిటంటే, ఆ అదుపును వాడాల్సిన అవసరం కూడా లేదు. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ 1960ల చివర్లో, 1970ల ప్రారంభంలో కొందరికి ఎప్పుడు వస్తుందో తెలియని పెద్ద శబ్దాలు వినిపించారు. సగం మందికి ఒక బటన్ చూపించి, ‘మరీ భరించలేకపోతే నొక్కండి, శబ్దం ఆగిపోతుంది, నొక్కకపోతేనే మాకు మంచిది’ అన్నారు. దాదాపు ఎవరూ నొక్కలేదు. అంటే విన్న శబ్దం అందరికీ సమానమే. కానీ తర్వాత ఇచ్చిన చిక్కు లెక్కల్లోనూ, తప్పులు దిద్దే పనిలోనూ బటన్ ఉన్నవాళ్లు ఎక్కువ ఓపిక చూపారు, తక్కువ తప్పులు వదిలారు. పక్కింట్లో అర్ధరాత్రి బోరు వేస్తుంటేనో, వీధిలో బరాత్ డీజే మోగుతుంటేనో మన తల ఎందుకు పగిలిపోతుందో ఇందులో కొంత తెలుస్తుంది. అదే డీజే మన ఇంటి పెళ్లిలోదైతే నిద్ర కూడా పడుతుంది.

మరి జబ్బు విషయంలో ఆ బటన్ ఏది? ఇక్కడ గ్లెన్ ఆఫ్లెక్ బృందం 1987లో కీళ్లవాతం ఉన్నవాళ్ల మీద చేసిన పని ఎంతో ఉపయోగపడుతుంది. వాళ్లు ‘అదుపు’ను ముక్కలు చేసి అడిగారు. రోజూ వచ్చే నొప్పి మీద మీకు అదుపు ఉందా? మీ వైద్యంలో జరిగే నిర్ణయాల మీద ఉందా? జబ్బు ముందుముందు ఎలా సాగుతుందన్న దాని మీద ఉందా? మొదటి రెండింటికీ అవునన్నవాళ్ల మనసు మొత్తం మీద మెరుగ్గా ఉంది. మూడోదానికి అవునన్నవాళ్లలో, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు మాత్రం అది బెడిసికొట్టింది. వాళ్ల మనసు మరింత చెడింది. కారణం అర్థం చేసుకోదగ్గదే. జబ్బు దారి నా చేతుల్లో ఉందని గట్టిగా నమ్మాక కీళ్లు వంకర్లు తిరుగుతుంటే, ఆ ఓటమి కూడా నాదే అవుతుంది.

స్టాన్‌ఫర్డ్‌లో కేట్ లోరిగ్ కీళ్లనొప్పుల వాళ్ల కోసం ఒక కోర్సు నడిపారు. వ్యాయామం, విశ్రాంతి పద్ధతులు, డాక్టర్‌తో మాట్లాడే తీరు, వారం వారం చిన్న లక్ష్యం. కోర్సు చేసినవాళ్లకు నొప్పి తగ్గింది, సంతోషమే. కానీ ఎక్కువ వ్యాయామం చేసినవాళ్లకు ఎక్కువ తగ్గిందా అని చూస్తే లెక్క సరిగ్గా కుదరలేదు. ‘దీన్ని నేను సంభాళించుకోగలను’ అన్న నమ్మకం ఎవరికి పెరిగిందో వాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. అందుకే తర్వాత కోర్సును ఆ నమ్మకం చుట్టూ మళ్లీ తీర్చిదిద్దారు. ఈ వారం నేను ఏం చేస్తాను, ఎంత చేస్తాను, ఎన్ని రోజులు చేస్తాను అని మనిషే చెప్పాలి, వచ్చే వారం వచ్చి ఏం జరిగిందో చెప్పాలి. లక్ష్యం పదికి ఏడు పాళ్లు నమ్మకంతో చేయగలిగినదై ఉండాలి, లేకపోతే దాన్ని తగ్గించుకోమంటారు.

షుగర్ మిషన్‌కు దీన్ని అన్వయిస్తే, రోజూ పొద్దున ఒక్క అంకె చూసి దిగులుపడే బదులు, కొన్ని రోజుల పాటు టిఫిన్‌కు ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూసుకోవచ్చు. నాలుగు ఇడ్లీలకు ఎంత పెరిగింది, రెండు పెసరట్లకు ఎంత, తిన్నాక పావుగంట నడిస్తే ఎంత. ఇప్పుడు అంకెకు కారణం తెలుస్తుంది, మార్చడానికి ఒక దారి దొరుకుతుంది. తర్వాత మిషన్ కొన్నాళ్లు పక్కన పెట్టినా నష్టం లేదా అని డాక్టర్‌ను అడగొచ్చు కూడా.

దీనికి సరిగ్గా వ్యతిరేకంగా నడిచేది ఫుల్ బాడీ చెకప్ వ్యాపారం. హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ లిఫ్టులో చూసినా ఓ కరపత్రం ఉంటుంది, పొద్దున్నే ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్తామని, ఇన్ని పదుల పరీక్షలు ఇంత తక్కువకని. వాళ్లు అమ్మేది అదుపు భావననే. ఒక చిన్న లెక్క చూడండి. చాలా రక్త పరీక్షల్లో ‘నార్మల్’ హద్దులను ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది లోపల పడేలా గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఒక్కో పరీక్షలో హద్దు దాటే అవకాశం 5 శాతం ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేయించుకుంటే, కనీసం ఒక్కటైనా హద్దు దాటే అవకాశం 64 శాతం. నిజానికి పరీక్షలు ఒకదానితో ఒకటి కొంత ముడిపడి ఉంటాయి కాబట్టి అది కాస్త తగ్గుతుంది, అయినా తక్కువేమీ కాదు. ఆ ఒక్క అంకె రిపోర్టులో బోల్డ్ అక్షరాల్లో వస్తుంది. రిపోర్టు ఫోనుకు రాత్రి వస్తుంది, డాక్టర్ దొరికేది మర్నాడు. మధ్యలో ఉన్నది గూగుల్. వయసుకూ, కుటుంబ చరిత్రకూ తగిన పరీక్షలు డాక్టర్ చెబితే చేయించుకోవాల్సిందే, బీపీ, షుగర్ లాంటివి లక్షణాలు లేకుండానే ముదురుతాయి. ఏ ప్రశ్నా లేకుండా డెబ్భై జవాబులు కొనుక్కోవడం మాత్రం టెన్షన్‌ను డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకోవడమే. జబ్బు భయం ఎక్కువగా ఉన్నవాళ్లలో మళ్లీ మళ్లీ పరీక్ష చేయించుకోవడం ఆ భయాన్నే పెంచుతుందని మానసిక వైద్యులకు బాగా తెలుసు. రిపోర్టు బాగుంటే ఊరట కొన్ని రోజులే, ఆ తర్వాత ‘ఈలోపు ఏమైనా వచ్చిందేమో’ అన్న అనుమానం.

‘మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే’ అన్న మాటకు ఇంకో అంచు ఉంది, అది కోస్తుంది. చేతుల్లోనే ఉంటే, పోగొట్టుకున్నది కూడా చేతులారానే అవ్వాలి కదా. టైప్ 1 మధుమేహం వచ్చిన పిల్లవాడి తల్లిని బంధువులు ‘స్వీట్లు ఎక్కువ పెట్టావా’ అని అడుగుతారు. అది శరీర రక్షణ వ్యవస్థే క్లోమంలోని కణాల మీద దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు, లడ్డూలకూ దానికీ సంబంధం లేదు. గర్భం నిలవని అమ్మాయిని ‘బరువులు ఎత్తావా, స్కూటీ నడిపావా’ అని అడుగుతారు. తొలి నెలల్లో పోయే గర్భాల్లో సగం లేదా అంతకంటే ఎక్కువ పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే పోతాయి, స్కూటీ వల్ల కాదు. ఒక్క సిగరెట్టూ కాల్చని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తే, కారణం దొరకక పక్కవాళ్లు ఇబ్బంది పడతారు. ఏదో తప్పు చేసి ఉంటాడన్న నమ్మకం వాళ్లకు కావాలి, ఎందుకంటే అప్పుడే ‘నేను ఆ తప్పు చేయలేదు కాబట్టి నాకు రాదు’ అనుకోవచ్చు. వాళ్ల ధైర్యం కోసం రోగి నేరస్తుడవుతాడు. ‘ఎలా రాసి ఉంటే అలా’ అనే మాటను అందుకే నేను తేలిగ్గా కొట్టిపారేయను. మందులు మానేయడానికి సాకుగా వాడితే ప్రమాదమే, కానీ జరిగిపోయినదాని మీద నింద దించుకోవడానికి వాడితే అది మనిషిని నిలబెడుతుంది.

ఇక ఇంట్లోని పెద్దవాళ్ల సంగతి. పిల్లలు డాలస్‌లో, అమ్మానాన్నలు మియాపూర్‌లో. నాన్న చేతికి అతికించిన సెన్సర్ షుగర్ రీడింగులు నేరుగా కొడుకు ఫోనుకు వెళ్తాయి. రాత్రి పదింటికి ఫోను: ‘నాన్నా, ఇప్పుడేం తిన్నావ్?’ ప్రేమే, అనుమానం లేదు. కానీ నలభై ఏళ్లు ఆఫీసు నడిపిన మనిషి మామిడిపండు ముక్కకు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తే లోపల ఏదో చిన్నబోతుంది. అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లో కూతురు తీసుకుంటుంది, డాక్టర్ అల్లుడితో మాట్లాడతాడు, మందుల డబ్బాలో మాత్రలు కోడలు సర్దుతుంది. ఇంతా చేసి, ‘ఈ మధ్య నాన్న దేని మీదా ఆసక్తి చూపించడం లేదు’ అంటారు.

ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ 1976లో అమెరికాలోని ఒక వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగం ఈ సందర్భంలో అందరూ చెబుతారు. ఒక అంతస్తులో ఉన్నవాళ్లకు ‘గది ఎలా సర్దుకోవాలో, సినిమా ఏ రోజు చూడాలో మీరే నిర్ణయించుకోండి’ అని చెప్పి, నచ్చిన మొక్కను ఎంచుకుని పెంచుకోమన్నారు. ఇంకో అంతస్తు వాళ్లకూ మొక్కలిచ్చారు, కానీ నీళ్లు నర్సులు పోస్తారన్నారు. మూడు వారాల్లో మొదటి అంతస్తు వాళ్లలో హుషారు పెరిగింది. 18 నెలల తర్వాత చూస్తే మొదటి గుంపులో 15 శాతం, రెండో గుంపులో 30 శాతం చనిపోయారు. అయితే ఈ మరణాల లెక్కలో గణాంకపు తప్పు ఉందని తర్వాత పత్రికలోనే సవరణ వచ్చింది, సరిచేశాక ఆ తేడా అంత గట్టిగా నిలవలేదు. మొక్క పెంచితే ఆయుష్షు పెరుగుతుందని వాట్సాప్‌లో వచ్చేదంతా ఆ సవరణ చదవనివాళ్లు రాసేదే.

నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచేది రిచర్డ్ షుల్జ్ అదే సంవత్సరం ప్రచురించినది. వృద్ధాశ్రమంలో ఉన్నవాళ్లను చూడటానికి కాలేజీ విద్యార్థులు వచ్చేవారు. ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఉండాలో కొందరు పెద్దవాళ్లు తామే నిర్ణయించేవారు, కొందరికి ఎప్పుడొస్తారో ముందే తెలిసేది, కొందరికి ఎవరూ చెప్పేవారు కాదు. మొదటి రెండు గుంపులూ బాగా మెరుగుపడ్డాయి. ప్రయోగం అయిపోయింది, విద్యార్థులు రావడం మానేశారు. రెండు మూడేళ్ల తర్వాత వెళ్లి చూస్తే, ముందు బాగా మెరుగుపడినవాళ్లే ఎక్కువగా దిగజారిపోయారు. కాబట్టి సెలవులకు వచ్చిన మూడు వారాలు ‘అమ్మా, అన్నీ నువ్వే చెప్పు’ అని, తిరిగి వెళ్లాక అన్నీ లాగేసుకోవడం కంటే, ఏడాది పొడవునా నిలిచేలా ఒక్క నిర్ణయం వదిలేయడం మేలు. మందుల డబ్బా ఆమెనే సర్దుకోనివ్వండి, వారానికోసారి వీడియో కాల్‌లో సరిచూస్తే చాలు.

జబ్బు పేరు దాచడం కూడా ఇందులో భాగమే. ‘అమ్మకు క్యాన్సర్ అని చెప్పకండి డాక్టర్, తట్టుకోలేదు’ అని ఇంటివాళ్లు బతిమాలడం మన దగ్గర చాలా మామూలు. కీమో వార్డులో కూర్చుని, జుట్టు రాలుతుంటే, అమ్మకు తెలియకుండా ఉంటుందా? తెలిసినా తెలియనట్టు నటిస్తుంది, పిల్లల కోసం. బ్యాంకు ఖాతా ఎవరికి చెప్పాలో, ఏ చెల్లెల్ని ఒకసారి పిలిపించుకోవాలో, ఏ చికిత్స వద్దనాలో, ఏదీ ఆమె చేతికి రాదు. అన్నీ ఒక్కరోజే కుమ్మరించమని కాదు. ‘మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది’ అని అడిగితే ఆ నిర్ణయమైనా ఆమెది అవుతుంది.

ఇంతవరకూ మనసు గురించే మాట్లాడాం, జేబు గురించి, వేళల గురించి మాట్లాడకపోతే అన్యాయం. బ్రిటన్‌లో 1985లో మొదలైన వైట్‌హాల్ 2 అధ్యయనం 10,308 మంది ప్రభుత్వ ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించింది. తమ పని మీద తమకు నిర్ణయాధికారం తక్కువగా ఉన్నవాళ్లకు తర్వాతి సంవత్సరాల్లో గుండె జబ్బు ఎక్కువగా వచ్చింది. పై ఉద్యోగులకు, కింది ఉద్యోగులకు మధ్య గుండె జబ్బులో ఉన్న తేడాలో ఇది పెద్ద భాగాన్నే వివరించింది. అందరికీ జీతం ఉంది, ఉచిత వైద్యం ఉంది. లేనిది తన రోజు మీద తనకు పట్టు.

మాధాపూర్‌లో నైట్ షిఫ్టు చేసే అబ్బాయికి, రాత్రి గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్‌కు, వర్షంలో బిర్యానీ మోసే డెలివరీ కుర్రాడికి ‘వేళకు తినండి, ఎనిమిది గంటలు పడుకోండి, టెన్షన్ పెట్టుకోకండి’ అని చీటీ రాసివ్వడం ఎవరిని ఉద్దేశించి రాసినట్టు? ఇంట్లో ఆరుగురికి వండే ఆవిడకు షుగర్ వస్తే, తన కోసం విడిగా జొన్నరొట్టె చేసుకోవడం ఆమె ఒక్కదాని ఇష్టం మీద ఆధారపడే విషయం కాదు. ఇలాంటివాళ్లు ‘నా చేతిలో ఏముంది’ అంటే అది కుంగుబాటు లక్షణం అనుకోకూడదు, తమ పరిస్థితిని సరిగ్గా అంచనా వేయడం అది. అమెరికాలో షెర్మన్ జేమ్స్ ఇంకో ప్రమాదాన్ని గుర్తించాడు. వనరులు లేకపోయినా, పట్టుదలతో అన్నీ తామే ఈడ్చుకొస్తామనే పేదల్లో రక్తపోటు ఎక్కువగా ఉండటం ఆయన నల్లజాతీయుల మధ్య చేసిన అధ్యయనాల్లో కనిపించింది. అదుపు ఉందన్న నమ్మకం పెంచి, అదుపు చేసే సాధనం ఇవ్వకపోతే శరీరం ఆ ఖర్చు భరిస్తుంది.

ఈ కోణంలో చూస్తే 2018 ఏప్రిల్‌లో మొదలైన బస్తీ దవాఖానాలు మానసిక ఆరోగ్య కార్యక్రమం కూడా. ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, కూలి పోగొట్టుకోకుండా, బీపీ మాత్రలు ఉచితంగా దొరికితే ఒక మనిషికి కలిగే పట్టును ఏ స్ఫూర్తి ప్రసంగమూ ఇవ్వలేదు. అక్కడ డాక్టర్ ఎన్ని రోజులు ఉంటాడు, మాత్రలు ఎన్ని రోజులు స్టాకులో ఉంటాయి అన్నది వేరే చర్చ. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచడం కూడా అలాంటిదే. పెద్ద ఆపరేషన్ అంటే పొలం అమ్మాలన్న భయం కొంత వెనక్కి తగ్గుతుంది. నెలనెలా కొనే మాత్రల ఖర్చు దానితో తీరదు, దీర్ఘకాలిక జబ్బుల్లో మనిషిని కొరికేది ఎక్కువగా అదే.

ఇంకొక్క చిక్కు విప్పాలి. అదుపు ఉందనుకునేవాళ్ల మనసు బాగుంటుందని సర్వేలు చెబుతాయి, కానీ ఏది ముందు? కుంగుబాటులో ఉన్న మనిషికి ప్రపంచంలో ఏదీ తన చేతిలో లేనట్టే కనిపిస్తుంది, అది ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి. కాబట్టి అదుపు లేకపోవడం వల్ల కుంగుబాటు వచ్చిందో, కుంగుబాటు వల్ల అదుపు లేదనిపిస్తోందో ఒక్క సర్వేతో తేలదు. చాలావరకు రెండు వైపులా నడుస్తుంది. మధుమేహం ఉన్నవాళ్లలో కుంగుబాటు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు రెండింతలు. కుంగినవాళ్లు మాత్రలు మరుస్తారు, నడక మానేస్తారు, షుగర్ పెరుగుతుంది, అది చూసి ఇంకా కుంగుతారు. ఇలాంటి మనిషికి ‘నీ ఆరోగ్యం నీ చేతుల్లో ఉంది’ అని చెప్పడం కంటే ముందు కుంగుబాటుకు వైద్యం చేయించాలి. మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరును వెక్కిరింపుగా వాడే ఊళ్లో ఇది అంత తేలిక కాదు. ఇంట్లోంచే మాట్లాడాలనుకునేవాళ్లకు 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, 14416 నంబరుకు తెలుగులోనే మాట్లాడొచ్చు.

రెండింటికీ కలిపి వైద్యం చేస్తే ఏమవుతుందో మన దేశంలోనే చూశారు. విశాఖపట్నం, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ నగరాల్లోని నాలుగు క్లినిక్కుల్లో, కుంగుబాటూ అదుపు తప్పిన మధుమేహమూ కలిసి ఉన్న 404 మందితో చేసిన ఈ ప్రయోగం 2020లో ప్రచురితమైంది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగం మందికి దానితో పాటు ఒక సంరక్షకుడు, అంటే డాక్టర్ కాని శిక్షణ పొందిన మనిషి. ఆ మనిషి రోగిని పలకరిస్తూ, మాత్రలు ఎందుకు మానేశారో కనుక్కుంటూ, మార్చుకోగలిగినదేదో ఇద్దరూ కలిసి తేల్చుకుంటూ, ఆ వివరాలను డాక్టర్ల బృందం ముందు పెట్టేవాడు. ఈ సాయం ఏడాది నడిచింది. రెండేళ్లకు లెక్క చూస్తే, కుంగుబాటు సగానికి తగ్గి, దానితో పాటు షుగర్, బీపీ, చెడు కొలెస్ట్రాల్‌లలో కనీసం ఒకటి మెరుగైనవాళ్లు మామూలు వైద్యంలో 57.4 శాతం, సంరక్షకుడు ఉన్న గుంపులో 71.6 శాతం. వాళ్లకు కొత్త మందేదీ కనిపెట్టి ఇవ్వలేదు.